సిపాయి తాతా, మా పాత తాటాకూ

ఈ రోజు మా తాటాకింటికి కప్పు మార్పించాం. వానలు పడేలోగా ముగించాలని పనివాళ్లు పొద్దున్నే వచ్చి, పాత ఆకంతా పీకి పెరట్లో కుప్ప పోశారు. దాన్ని కాల్చి బూడిద చేలో చల్లుకోవడం మా వైపు మామూలే. మా ఆవిడ పొయ్యిలోంచి నిప్పు తెచ్చింది.

ఇంతలో పక్కింటి సిపాయి తాత బిందెడు నీళ్లతో రొప్పుతూ వచ్చాడు. కుర్రతనంలో దొరల పటాలంతో ఓడెక్కి బర్మా యుద్ధానికి వెళ్లొచ్చిన మనిషి. ఆ సంగతులు ఎవరడిగినా ఇన్నేళ్లలో నోరు విప్పలేదు.

"ఆగమ్మా! లోపల ఎవరైనా ఉన్నారేమో చూశారా?" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. "ఉత్త ఆకు కుప్ప కదా తాతా, లోపల ఎవరుంటారండీ?" అన్నాను.

"అక్కడా మాకిలాగే చెప్పారు బాబూ. ఊరు ఖాళీ, ఉత్త పాకలే అన్నారు. అంటించాక లోపల ఎవరో దగ్గారు."

మా ఆవిడ నిప్పు తీసుకెళ్లి మళ్లీ పొయ్యిలో పెట్టేసింది. తాత కుప్ప ముందు చతికిలబడి, ఒక్కొక్క ఆకే తీసి పక్కన పెడుతూ పొద్దుగూకేదాకా వెతికాడు. అడుగున నేల కనిపించాక, బిందె ఎత్తుకుని ఇంటికి వెళ్లిపోయాడు.

ఆకు ఇంకా పెరట్లోనే ఉంది. తేళ్లు చేరతాయని నా భయం నాది. దడి కట్టుకోవడానికి కావలసినవాళ్లు వచ్చి పట్టుకెళ్లండి, కాల్చడానికైతే ఇవ్వను. ఆకు ఎత్తేటప్పుడు దుమ్ముకి దగ్గొస్తే మాత్రం కాస్త ఆపుకోండి. దడి అవతలే తాత ఇల్లు.