వంద దాటని సరంగు

క్లాదొవో ఊళ్లో వుకాశిన్ సరంగు అంటే తెలియనివాళ్లు లేరు. ముప్పై నాలుగేళ్లు డాన్యూబ్ నది మీద బార్జీలు తోసే పడవ నడిపి, ఎవరి పడవకీ చిన్న గీతైనా పెట్టకుండా దిగిపోయిన మనిషి. ఆరు బార్జీలు కలిపి కట్టి జెర్దాప్ ఆనకట్ట లాకుల్లోకి దూర్చేటప్పుడు అటు గోడకీ ఇటు గోడకీ జానెడు సందు మిగిలేది. ఆ సందులోంచి అతను నోట్లో సిగరెట్టు బూడిద రాలకుండా వెళ్లిపోయేవాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. మోకాలికి ఆపరేషన్ అయ్యాక డాక్టరు పడవ నిచ్చెన ఎక్కొద్దన్నాడు. ఇంట్లో కూర్చోవడం చేతకాని మనిషి వంటింట్లో భార్య స్టమెనా కాళ్లకీ చేతులకీ అడ్డం పడుతుంటే, ఆ పోరు చూడలేక మేనకోడలు తన పాత కంప్యూటర్ తెచ్చి, అంతరిక్షంలో ఓడలు నడిపే ఆట ఒకటి అందులో పెట్టి వెళ్లింది. నేనేమన్నా పసివాణ్ణా అని అతను రెండు రోజులు దాని వంక చూడలేదు. మూడో రోజు చూశాడు.

ఆ ఆటలో రేవు మొదటిసారి కనబడినప్పుడు కాఫీ కప్పు పట్టుకున్న చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. చీకట్లో ఒక డొల్ల కొండ, మెల్లగా తన చుట్టూ తాను తిరుగుతోంది. దాని ముఖాన సన్నని చీలిక, లోపల్నుంచి పచ్చటి వెలుగు. ఆ చీలికే వాకిలి. ఊరంత ఊరంత ఓడలు ఒకదాని పక్కనుంచి ఒకటి అందులోకి పోతున్నాయి, వస్తున్నాయి. వాటిని నడిపేది యంత్రం కాదు, మనుషులు. ఒక దాంట్లో వార్సా రొట్టెలవాడు ఉంటాడు, ఇంకో దాంట్లో పోర్తో పంతులమ్మ ఉంటుంది. ఒకరి మొహం ఒకరు ఎరగరు. అయినా జానెడు సందు వదిలి ఒకరినొకరు దాటుకుంటున్నారు. వుకాశిన్ కుర్చీ తెరకి దగ్గరగా జరుపుకున్నాడు. లాకులే ఇవి, కాకపోతే వీటికి నది లేదు, ఆకాశం ఉంది అనుకున్నాడు.

ఆ నెలలోనే ఒక ప్రాణం తీశాడు.

నది మీద ఆగిన పడవకి చుక్కాని పనిచెయ్యదు. నీళ్లు కోసుకుంటూ పోతేనే దానికి పట్టు దొరుకుతుంది. అందుకే ఎదురుగా ఏదైనా అడ్డొస్తే నది సరంగు ముందు వేగం పెంచుతాడు, ఆ తర్వాత తిప్పుతాడు. శూన్యంలో నీళ్లెక్కడివి? నిలబడ్డ ఓడ కూడా బొంగరంలా తిరుగుతుంది. ఆ సంగతి వుకాశిన్ బుర్రకి తెలిసినా చేతికి తెలియదు. వాకిలి ముందు ఎవరిదో చిన్న ఓడ అడ్డొస్తే అలవాటు కొద్దీ వేగం పెంచే పిడి ముందుకి తోశాడు. చిన్న ఓడ పొడిపొడి అయింది. హత్య అని రేవు ప్రకటించింది. కొండ ఒంటినిండా ఉన్న ఫిరంగులు అతనివైపు తిరిగాయి, రెండు క్షణాల్లో అతని ఓడ కూడా లేదు. ఆటే కదా అని స్టమెనా ఎంత చెప్పినా ఆ పూట అన్నానికి లేవలేదు.

కళ్లద్దాలు పెట్టుకుని రేవు చట్టం మూడుసార్లు చదివాడు. రేవు హద్దులో సెకనుకి వంద మీటర్లు దాటకూడదు. దాటనివాళ్లిద్దరు రాసుకుంటే తప్పు ఎవరిదీ కాదు. ఒకడు దాటి ఒకడు దాటకపోతే, అడ్డొచ్చింది ఎవరైనా సరే, దాటినవాడిదే తప్పు. గుద్దుకుని ఊరుకుంటే జరిమానాతో పోతుంది, అవతలి ఓడ పోతే మాత్రం హత్య. ఇద్దరూ దాటితే ఇద్దరూ దోషులే. పోయినవాణ్ణి అడిగేదేముంది, బతికినవాడే జవాబు చెప్పాలి. ఎందుకు దాటావు, ఎవరికోసం దాటావు అన్న ప్రశ్న ఆ చట్టంలో ఎక్కడా లేదు. నది చట్టం వుకాశిన్‌కి బాగా తెలుసు. దానికి బావమరుదులుంటారు, పండగకి సీసా రాకియా సారా ముడుతుంది. ఇక్కడ ఉన్నది ఒక్క అంకె. ఆ అంకె ముందు రాజూ లేడు, రొట్టెలవాడూ లేడు. అతనికి భయమేసింది, ఆ వెంటనే గౌరవమూ కలిగింది.

ఆ తర్వాత ఆరేళ్లు రేవులో అతని ఓడ తొంభై ఎనిమిది దాటలేదు. తొంభై ఎనిమిది తాత అని పేరు పడిపోయింది. శవం వెనక నడిచేవాళ్లు కూడా నీకంటే ముందు చేరతారని స్టమెనా వెక్కిరించేది. అతను పట్టించుకోలేదు. పెద్ద సరుకు ఓడ ఒకటి సంపాదించి, కొత్తగా వచ్చినవాళ్లని వెంట పెట్టుకుని వాకిలి దాటించడం పనిగా పెట్టుకున్నాడు. పాఠం ఒక్కటే. భయమేస్తే వేగం పెంచకు, ఆగు. అలా పంతొమ్మిది మందిని తయారుచేశాడు.

ఇలింకా అతనికి ఆటలోనే పరిచయం, కానీ అతని దగ్గర నేర్చుకున్న పిల్ల కాదు. నీష్ ఊళ్లో ఆస్పత్రి నర్సు, ముప్పై ఏళ్ల పిల్ల. రోజంతా జనం మధ్య నలిగి నలిగి, ఆటలో మాత్రం జనం లేనిచోటికి పోతానని బయల్దేరి రెండేళ్లయింది. పటాల్లో లేని దూరాలకి పోయింది. ఆదివారాలు హెడ్‌ఫోన్లో వుకాశిన్‌తో మాట్లాడేది. నీలం ఉంగరాలున్న గ్రహం చూశానని, ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే రెండు సూర్యుళ్ల మధ్య నిలబడ్డానని చెబుతుంటే, సొంత రేవుకి వంద నక్షత్రాల అవతల అడుగుపెట్టని సరంగు నోరు తెరుచుకుని వినేవాడు. నాలుగు వందల పన్నెండు నక్షత్రాలని అందరికంటే ముందు చూసిందామె. ముందు చూసినవాళ్ల పేరు ఆ నక్షత్రం పక్కన ఎప్పటికీ ఉంటుంది. కానీ రేవుకి తెచ్చి అప్పజెప్పాకే. దారిలో ఓడ పోతే ఆ రెండేళ్లూ పోయినట్టే, ఆమె ఏమీ చూడనట్టే.

అలాంటి పిల్ల తిరిగొచ్చే వేళకి రేవు ముందు ఒక ముఠా చేరింది. వాళ్లవి చెత్త ఓడలు, పోయినా చీమ కుట్టినట్టయినా ఉండదు. వంద దాటి వస్తున్నవాడి ముందుకి కావాలని అడ్డం వచ్చి, గుద్దించుకుని చస్తారు. ఫిరంగులు పెద్ద ఓడని కాల్చేస్తాయి. చట్టం చేత చంపించి నవ్వుకోవడం వాళ్ల సరదా. ఎవరూ దాటకపోతే విసుగెత్తి తామే దాటి వచ్చి గుద్దుతారు. ఇలింకా ఓడ పైపొర గుడ్డుపెంకులా పలచబడింది. ఇంకో రేవు దాకా ఇంధనం చాలదు. పైగా రెండేళ్లుగా ఆమె చేతికి తెలిసింది ఒక్కటే, ఏదైనా మీదికొస్తే పారిపోవడం.

ఆదివారం మధ్యాహ్నం చేపల పులుసు తిని వుకాశిన్ తెర ముందు కూర్చున్నాడు. ఆమె చుట్టూ అడ్డం కాద్దామని పంతొమ్మిది మందినీ పిలిచాడు గానీ, అందరూ చేరడానికి గంట పడుతుంది. అంతసేపు ఆగితే ఇంధనం అయిపోతుందని ఇలింకా అంది. సరే, నా వెనక రావద్దు, నా ముందు నడువు, వాకిలి పచ్చదీపం నీకు కుడివైపు ఉండేలా చూసుకో అన్నాడు. ఆమె తొంభై మీద వాకిలివైపు కదిలింది. ఎనిమిది వందల మీటర్ల వెనక అతను.

మొదటి చెత్త ఓడ చీకట్లోంచి వచ్చి ఆమె ముందుకి అడ్డం తిరిగింది. వుకాశిన్ తెర మీద ఆమె అంకె నూట ముప్పైకి ఎగిరింది.

"చెయ్యి తియ్యవే పిల్లా. ఆపెయ్. పూర్తిగా ఆపెయ్," అన్నాడు.

"గుద్దేస్తాడు తాతా."

"గుద్దడు. వాడికి కావలసింది నువ్వు గుద్దడం."

ఏ గుండెతో చేసిందో గానీ చేసింది. ఆ పెంకు ఓడ వాకిలి ముందు దీపంలా నిలబడిపోయింది. చెత్త ఓడ ఆమె ముక్కు ముందునుంచి ఒట్టి చేతులతో పోయింది. వుకాశిన్ జీవితంలో అంత అందంగా ఆగిన ఓడని చూడలేదు, నదిలోనూ లేదు, ఇక్కడా లేదు.

అప్పుడు రెండోవాడు వాకిలి పక్కనుంచి తిరిగాడు. వాడికి ఆట అర్థమైపోయింది. నాలుగు వందల వేగంతో నిలబడ్డ ఓడ మీదికి నేరుగా వస్తున్నాడు. వాణ్ణి ఫిరంగులు కాలుస్తాయి, కాలుస్తాయి గానీ గుద్దిన తర్వాత. తప్పు జరిగేదాకా చట్టం కదలదు. వాడు చేరడానికి నాలుగు సెకన్లు. తొంభై ఎనిమిది మీద పోతే వుకాశిన్‌కి ఎనిమిది పడుతుంది. ముప్పై నాలుగేళ్లు ఇలాంటి లెక్కలే వేసిన బుర్ర, ఈ లెక్కకి ఆలోచించలేదు.

పిడిని చివరిదాకా తోశాడు.

అంకె వంద దాటింది, రెండు వందలు దాటింది. సరుకు ఓడ ఇలింకాకీ ఆ వచ్చేవాడికీ మధ్యకి గోడలా వచ్చి పడింది. చెత్త ఓడ దాని పక్కటెముకలకి తగిలి పొడి అయింది. ఇద్దరూ దాటారు, ఒకడు పోయాడు, ఒకడు మిగిలాడు. ఆ ఒకడి పేరు చదివి, హత్య అని రేవు ప్రకటించింది. కొండంతా కళ్లు తెరిచినట్టు ఫిరంగులు తిరిగాయి. ఎవరికోసం దాటాడో అవి అడగలేదు. అడగవని ఆ రేవులో అందరికంటే బాగా తెలిసినవాడు అతనే.

"తొంభై మీద వెళ్లు. పచ్చదీపం కుడివైపు," అన్నాడు. ఓడ ముక్కలవుతుంటే ఇంకోసారి అదే మాట అన్నాడు. తెర నల్లబడింది.

వెనక ఎప్పుడు వచ్చి నిలబడిందో స్టమెనా, తెర మీద ఎర్ర అక్షరాలు చదివింది. ఈసారి వెక్కిరించలేదు. అతని భుజం మీద చెయ్యి వేసింది. వుకాశిన్‌కి తల కొట్టేసినట్టుంది, గుండెలో మాత్రం ఎందుకో పట్టలేనంత హాయిగా ఉంది. హెడ్‌ఫోన్లో ఇలింకా ఏడుస్తోంది. లోపలికి చేరిందట. నక్షత్రాలు ఒకటొకటే నమోదవుతున్నాయట. ఒక్కోదాని పక్కనా ఆమె పేరు.

"ఒక సంగతి చెప్పనా తాతా? అక్కడ వేగానికి హద్దు లేదు. ఎంతైనా పోవచ్చు. తగలడానికి ఎవరూ లేరుగా. ఇవాళ రేవు దగ్గరికొచ్చి ఆ వంద అంకె వెలగ్గానే నాకు ఏడుపాగలేదు. మనుషుల దగ్గరికొచ్చేశా అనిపించింది."

నిన్ను ఏ చెరసాలలో వేశారని ఆమె అడిగింది. హంతకులకి ఆ ఆటలో దూరంగా వేరే రేవు ఉంది. శిక్ష తీరాక అక్కడ ఒక చిన్న ఓడ ఇచ్చి బయటికి పంపుతారు. తెర మీద ఆ రేవు పేరు చదివి చెప్పాడు. అక్కడే ఉండు అని ఆమె లైన్ పెట్టేసింది.

చెరసాల రేవు బోసిగా ఉంది. పెద్ద కిటికీ, దాని అవతల ఒట్టి చీకటి. దాన్ని చూస్తూ వుకాశిన్ కాఫీ తాగాడు. కాసేపటికి ఆ చీకట్లో ఒక దీపం కనబడింది. అది ఇలింకా. దాని వెనక ఇంకోటి, దాని వెనక ఇంకోటి. ఆలస్యమైపోయిందని తిట్టుకుంటూ వచ్చిన పంతొమ్మిది మందీ ఊరంత ఊరంత ఓడలతో వరస కట్టి, హంతకుడి కోసం ఆ ఇరుకు వాకిలి వైపు వస్తున్నారు. తొందరపడితే నిమిషంలో చేరిపోయే దూరం. ఒక్కరూ తొందరపడలేదు.

ఆరేళ్లలో ఒక్కసారైనా ఆ తెర ముందు కూర్చుని ఎరగని స్టమెనా కుర్చీ లాక్కుని మొగుడి పక్కన కూర్చుంది. కళ్లు తుడుచుకుంటున్న ముసలాయన్ని చూడనట్టే నటించి, ఒక్కో ఓడ పక్కనా ఉన్న అంకె పైకి చదవడం మొదలుపెట్టింది. తొంభై ఎనిమిది. తొంభై ఎనిమిది. తొంభై ఎనిమిది.