నీళ్ల కింది బండ

మైదుకూరులో బట్టలు కుట్టే ప్రేమమ్మకు ఫోను అలవాటైంది జాకెట్ల డిజైన్లు చూడటానికే. చర్చిలో పాస్టరమ్మ ఇచ్చిన పుస్తకం మొదలుపెట్టాక ఆ అలవాటు దారి తప్పింది. ఆనకట్టల కింద మునిగిన ఊళ్ల గురించి ఎవరో ఊరూరూ తిరిగి రాసిన పుస్తకం అది. ప్రేమమ్మ పుట్టి పెరిగిన ఊరూ అట్లా మునిగిందే. ఆరేళ్లకే జ్వరంతో పోయిన కూతురు క్రిస్టినా సమాధి ఆ నీళ్ల కిందే ఉంది.

పుస్తకంలో పోయిన ఇళ్లున్నాయి, పొలాలున్నాయి, బావులున్నాయి.

"ఇంత లావు పుస్తకంలో సమాధుల మాటే ల్యాదు," అని భర్త ఆనందం దగ్గర వాపోయింది ప్రేమమ్మ.

ఇక ఫోనులో వెతకసాగింది. ఒక్క మునిగిన ఊరు చూసిందో లేదో, ఫోను తనంతట తానే ఎక్కడెక్కడివో తెచ్చి చూపేది. నీళ్లలోంచి తలెత్తిన గోపురాలు, నాచు పట్టిన గడపలు, ఎవరూ మోగించని గంటలు. మిషను ఆపేసి చూస్తూ కూర్చునేది. ఫోను పక్కన పెట్టినా చెవిలో నీళ్ల చప్పుడు పోయేది కాదు.

ఎండలకు రిజర్వాయరు అడుగంటినప్పుడు వాళ్ల ఊరి వీడియోనే వచ్చింది. తీసినాయన నవ్వుతూ మాట్లాడుతూ ఒక చిన్న బండ మీద చెప్పుకాలు పెట్టాడు. క్రిస్టినా సమాధి మీద పరిచిన బేతంచెర్ల నాపరాయి బండ అది. బండి మీంచి దించేటప్పుడు విరిగిన మూల ప్రేమమ్మకు గుర్తే.

"కాలు తియ్యరా!" అని ఫోను మీద అరిచింది.

మర్నాడు ఇద్దరూ ఆటో మాట్లాడుకొని వెళ్లారు. నెర్రెలిచ్చిన బురద మీద నడిచి, మొండిగోడలను బట్టి చర్చిని, దాన్ని బట్టి సమాధుల దొడ్డిని పోల్చుకున్నారు. బండ దొరికింది. ప్రేమమ్మ కొంగుతో తుడిచింది. పేరు సగం అరిగిపోయింది.

"ఇంటికి తీసకపోదామా మే? మళ్లా నీళ్లొస్తాయి," అన్నాడు ఆనందం.

"బిడ్డను ఈడ పెట్టి రాయిని తీసకపోతామా? పేరు గూడా ల్యాకుండా పండుకుంటాదా అది?"

ఇద్దరూ కలిసి బండను సర్ది, కదలకుండా చుట్టూ రాళ్లు పేర్చి వచ్చారు.

వానలు బాగా పడ్డాయి. రిజర్వాయరు నిండుతోందని రైతులంతా సంబరపడ్డారు. ఒక సాయంత్రం ప్రేమమ్మ ఫోను భర్త చేతికిచ్చింది.

"నీళ్లు యాడిదాకా వచ్చినాయో జూడు."

ఎవరో ఆ రోజే గట్టు మీద నిలబడి తీసిన వీడియో అది. కనుచూపు మేరా నీళ్లే, చర్చి మొండిగోడలు కూడా కనబడలేదు. ఆనందం చాలాసేపు చూశాడు.

"ఇంగా అంతదూరం రాల్యాదులే," అన్నాడు.

అదే వీడియోను మధ్యాహ్నమే చూసింది ప్రేమమ్మ. అయినా సరేనన్నట్టు తలూపి, ఒడిలోని జాకెట్టుకు హుక్కులు కుట్టసాగింది.