అతను వెళ్ళగానే ఆరిపోయే మంట

మద్దిలేటి మొదటిసారి వచ్చినప్పుడు నా కంటికి ఆనలేదు. కువైట్‌లో, సల్వాలో నేను పనిచేసే ఇంటికి బాయిలర్ మెకానిక్ వస్తున్నాడంటే, యూనిఫారం వేసుకుని, నడుముకి పనిముట్లు వేలాడదీసుకుని ఎవరో దిగుతారనుకున్నాను. దిగింది ఒక బక్కపల్చటి మనిషి. తలకి తువ్వాలు, చేతిలో సొట్టలు పడ్డ రేకు పెట్టె. పెరట్లో బాయిలర్ గది గుమ్మం దగ్గర చెప్పులు విడిచి మరీ లోపలికి వెళ్ళాడు.

"గుడికొచ్చారేంటండీ బాబూ!" అన్నాను.

"నిప్పుండే తావు గదా సిస్టర్," అన్నాడు నావైపు చూడకుండానే.

నాకు నోటి దురుసెక్కువ. రాజోలు దగ్గర మా ఊళ్ళోనూ ఆ పేరుంది, ఇక్కడా వచ్చేసింది. "ముందు ఆ నిప్పేదో వెలిగించండి, దణ్ణం తర్వాత పెట్టుకుందురుగాని" అనేశాను. అతను నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు చూసి నాకింకా మండింది.

నా తొందర నాది. నేను నర్సుని, పేరు నిస్సీ. ఈ ఇంటి పెద్దావిడని చూసుకోవడం నా పని. పనివాళ్ళమంతా ఆవిడని పెద్ద మామా అంటాం, ఇక్కడ మామా అంటే అమ్మ. పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది, మాట కూడా దాదాపు పోయింది. నేల మీద ఇద్దరం చెరో రెక్క పట్టుకున్నా నిలబడలేదు. కానీ ఇంటి కింద సర్దాబ్‌లో, అంటే నేలమాళిగలో, చిన్న పూల్ ఉంది. అందులో గోరువెచ్చటి నీళ్ళలోకి దింపితే చాలు, ఆ పడిపోయిన కాలు కదిలేది. గోడకున్న కడ్డీ పట్టుకుని, నేను పక్కన ఉండగా, ఆవిడ నడిచేది. రోజూ చూసేదాన్నే అయినా రోజూ నా గుండె ఝల్లుమనేది.

ఆ నీళ్ళు కాచేది డీజిల్‌తో నడిచే పాతకాలపు బాయిలర్. ఇప్పుడు ఎక్కడ చూసినా కరెంటువే. ఈ ఇల్లు పాతది కాబట్టి ఇది మిగిలిపోయింది. ఎండాకాలం దాని అవసరమే ఉండదు, ఇక్కడ కుళాయి తిప్పితేనే చెయ్యి కాలుతుంది. చలి మొదలయ్యాక వెలిగించాం. వెలిగింది, కాసేపు మండింది, ఎర్ర దీపం చూపించి ఆగిపోయింది. బొత్తాం నొక్కి మళ్ళీ వెలిగిస్తే మళ్ళీ అదే తంతు.

చల్లటి నీళ్ళలో పెద్ద మామాని దింపలేం. దింపకపోతే కాలు బిగుసుకుపోతోంది, వేళ్ళు లోపలికి ముడుచుకుపోతున్నాయి. ఆస్పత్రిలోనూ ఇలాంటి పూల్ ఉంది కదా అని ఆవిడ కొడుకు ఫహద్ బాబా బతిమాలాడు. పరాయివాళ్ళ ముందు నీళ్ళలోకి దిగనని ఆవిడ తల అడ్డంగా ఊపి ఊపి, చివరికి ఏడ్చేసింది. అతనూ విసిగిపోయాడు. "ఈ వారంలో బాగుపడకపోతే ఖలాస్. పూల్ పూడ్పించేస్తాను" అన్నాడు. అంటే పెద్ద మామా ఇక ఎప్పటికీ నడవదన్నమాట.

మద్దిలేటి ఖైతాన్‌లో ఒక చిన్న వర్క్‌షాప్‌లో పనిచేస్తాడు. రాయచోటి వైపు మనిషి. మా ఇంట్లో ఊడ్చి తుడిచే అంకాలమ్మదీ ఆ ప్రాంతమే, ఆవిడే ఫోన్ చేసి పిలిపించింది. అతను మొదటిసారి వచ్చి, నూనెని తుంపరగా చిమ్మే నాజిల్ మార్చాడు. బాయిలర్ హాయిగా మండింది. టీ తాగుతూ చాలాసేపు దాని ముందే కూర్చున్నాడు, బాయిలర్ ఒక్క దగ్గు కూడా దగ్గలేదు. అతను అటు వెళ్ళాడు, నేను ఇటు వచ్చి పెద్ద మామాకి బట్టలు మార్చేసరికి ఎర్ర దీపం.

మళ్ళీ వచ్చాడు. నూనె వడకట్టే ఫిల్టర్ మార్చి, గొట్టాలు శుభ్రం చేశాడు. అతనున్నంతసేపూ మండింది, వెళ్ళగానే ఆరిపోయింది. ఇంకోసారి వచ్చాడు. లోపల మంట ఉందో లేదో కనిపెట్టే కన్నులాంటిది ఒకటి ఉంటుందట, దానికి మసి పట్టిందని తుడిచాడు. అప్పుడూ ఇదే కథ. అంకాలమ్మ ఎవరి దిష్టో తగిలిందని ఎండుమిరపకాయలు దిగదుడిచి పారేసింది.

"దానికి మీరంటే మోజండీ. మీరిక్కడే కాపురం పెట్టేయండి, మాకూ నీళ్ళు కాగుతాయి" అన్నాను మద్దిలేటితో. ఎగతాళికే అన్నాను గానీ, లోపల ఏడుపొస్తోంది. ఆ ఉదయమే పెద్ద మామా తన ముడుచుకున్న కాలివేళ్ళని ఎడమచేత్తో విప్పుకోవాలని చూస్తూ నాకు కనపడింది.

అతను ఆ మాట విని నవ్వలేదు. ఏదో ఆలోచనలో పడ్డట్టు నిలబడిపోయాడు. మర్నాడు పిలవకుండానే వచ్చాడు. రేకు పెట్టె తెరవలేదు.

"ఇన్ని దినాలూ నేనున్యప్పుడు అదెట్లుంటాదో సూసినా సిస్టర్. నేను ల్యానప్పుడు ఎట్లుంటాదో సూడల్యా," అన్నాడు. తర్వాత అంకాలమ్మ వైపు తిరిగి, "అక్కా, నేను పొయినాక నువ్వు దినామూ ఏం జేస్తావో అదే జెయ్యి. నేనీడ ల్యాననుకో," అన్నాడు.

అంకాలమ్మ అలాగే చేసింది. బాయిలర్ వెలిగించాక గది తలుపు గట్టిగా నెట్టి మూసింది, డీజిల్ వాసన ఇంట్లోకి రాకూడదని. తలుపు పిడి కూడా కొంగుతో తుడిచింది. అతను పెరటి చివర బకెట్ బోర్లించుకుని కూర్చుని పొగ్గొట్టం వైపు చూడసాగాడు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఇదేం మెకానిక్కో, ఇదేం మరమ్మతో అని పళ్ళు నూరుకుంటూనే ఉన్నాను.

మొదట పొగ్గొట్టం పైన ఏమీ లేదు. కాసేపటికి సన్నగా బూడిదరంగు పొగ లేచింది. అది చిక్కబడి నల్లబారింది. లోపలి మోత కూడా మారింది. అప్పటిదాకా ఒకే ఊపున వినపడ్డది, తడబడుతూ వినపడింది.

మద్దిలేటి లేచి తలుపు దగ్గరికి వెళ్ళాడు. తల మీది తువ్వాలు అంచునుంచి ఒక దారప్పోగు పీకి, తాళంచెవి పెట్టే కన్నం ముందు వేలాడదీసి పట్టుకున్నాడు. పెరట్లో ఆకు కదలడం లేదు. ఆ పోగు మాత్రం అడ్డంగా లేచి, నిగిడి, కన్నంలోకి దూరిపోయింది. లోపలినుంచి ఎవరో పట్టుకుని లాగినట్టు.

మేమందరం ఇన్ని రోజులూ తిట్టిన ఆ ఇనప ముద్ద, అంత చిన్న కన్నంలోంచి ప్రాణం గుంజుకుంటోంది.

"దీనికి ఊపిరాడ్డంల్యా సిస్టర్," అన్నాడు మద్దిలేటి. తలుపు తెరిచాడు. అది మామూలుగా రాలేదు, బలంగా లాగాల్సి వచ్చింది. తెరిచిన కాసేపట్లోనే మోత కుదుటపడింది, పొగ పల్చబడి మాయమైంది. నేను నోరు తెరుచుకుని పొగ్గొట్టాన్నీ అతన్నీ మార్చి మార్చి చూశాను. అతను పనిచేసినప్పుడల్లా ఆ తలుపు తెరిచే ఉంది. వెళ్ళగానే మేం మూసేస్తున్నాం.

"మరి ఇన్నేళ్ళూ తలుపు మూసే కదండీ మండింది?" అన్నాను.

"అదే ఎతకల్ల," అని గదిలోకి వెళ్ళి గోడలన్నీ తడిమాడు. మూలన సబ్బుపొడి అట్టపెట్టెలు గోడకి ఆనించి పేర్చి ఉన్నాయి. వాటిని జరిపాడు. వెనక గోడ తెల్లగా, నున్నగా ఉంది. వేళ్ళతో నొక్కితే లోపలికి పోయింది. అది గోడ కాదు, తెల్లటి ప్లాస్టిక్ షీటు. నాలుగు అంచులా టేపు ఎంత నీటుగా అతికించి ఉందంటే, గోడలో కలిసిపోయింది. చింపితే వెనక గాలి వచ్చే జాలీ బయటపడింది.

అంకాలమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఎండాకాలంలో గుబార్ లేసినబ్బుడు నేనే మూసినా మద్దిలేటీ. కిటికీలన్నిటికీ టేపులేసినట్లే దీనికీ ఏస్తి. తలుపు సందులకూ రబ్బరు కొడ్తి. ఎంత తుడిసినా యర్ర దుమ్మే వొస్తాంటే..." అని గోడకి జారగిలబడిపోయింది. "ఎంత పని జేస్తి! పెద్ద మామా కాలు నేనే కట్టేసినట్టాయ గదా!"

ఇక్కడ గుబార్, అంటే దుమ్ముతుఫాను, వచ్చిందంటే ఇంటికెంత సందుంటే అంత సందూ మూసేస్తారు. మంచి పనిమనిషికి అదే గుర్తు. అంకాలమ్మ అందరికంటే మంచి పనిమనిషి కాబట్టే, ఎవరూ చెప్పకపోయినా ఆ మూల జాలీ కూడా వదల్లేదు. ఎండాకాలంలో మూసింది చలికాలంలో ఎవరికి గుర్తుంటుంది?

మద్దిలేటి ఆమె ముందు నేల మీద గొంతుక్కూర్చున్నాడు. "యాడవొద్దక్కా. నాకు తెల్సిండీ నేను సూడల్యా, నీకెట్ల తెలుస్తాది?" అని తన సంగతి చెప్పాడు. కువైట్‌కి వచ్చిన కొత్తలో అతను ఎడారిలో గొర్రెలు కాసేవాడట. తోడు రామాంజులు అనే అతను. ఒక చలి రాత్రి గుడారం అంచులన్నీ ఇసకతో పూడ్చి, మధ్యలో బొగ్గులు రగిలించుకుని పడుకున్నారు. వేకువన గొర్రెల అరుపులకి మద్దిలేటికి మెలకువ వచ్చింది గానీ రామాంజులు లేవలేదు. కాళ్ళు పట్టి బయటికి ఈడ్చి పడేస్తే, చాలాసేపటికి ఊపిరి తీసుకున్నాడు.

"నిప్పు గూడా మన మాదిరే గాలి తాగుతాదని ఆ పొద్దు తెల్సుకొంటి. గాలి సాలకపోతే ఇసం కక్కుతాది. ఈ మిషను నయమక్కా. ఊపిరాడకపోతే తనే ఆగిపోయె. ఆక్కుండా అట్లే మండింటే, ఆ పొగ ఇంట్లోకి దూరింటే ఏమయ్యేది? ఎర్ర దీపాన్ని మనం తిట్టుకొంటాంటిమి. అది కాసింది మనల్నే," అన్నాడు.

ఆ గది గోడ అవతలే అంకాలమ్మ రోజూ గంటల తరబడి బట్టలు ఇస్త్రీ చేస్తుంది. ఆవిడకీ ఆ సంగతి తట్టినట్టుంది. లేచి వెళ్ళి బాయిలర్ రేకు మీద అరచెయ్యి ఆనించి అలాగే నిలబడింది.

మద్దిలేటి తలుపుకున్న రబ్బరు పీకేశాడు. జాలీకి సన్నటి వల బిగించి, "దుమ్ము దీని మీదనే నిలుస్తాది. బ్రష్షు పెట్టి దులిపేది నీ పని అక్కా. ఇది నీదే," అని అంకాలమ్మకి అప్పగించాడు. మసి అంతా తుడిచి, మళ్ళీ వెలిగించి, తలుపు మూసి, ఈసారి నన్నే పిలిచాడు. గోడకి బిగించేసిన చిన్న అద్దాల కిటికీలోంచి చూస్తే బాయిలర్ ముందున్న గుండ్రటి అద్దం కనిపిస్తుంది. అందులో మంట. పొగ లేదు, ఊగిసలాట లేదు. గర్జిస్తున్నా నిలకడగా, పసుప్పచ్చగా, చూపు తిప్పుకోలేనంత శుభ్రంగా మండుతోంది. నేను దేవుణ్ణి నమ్మే మనిషిని. అలా చూస్తూ ఎంతసేపు ప్రార్థనలో ఉండిపోయానో నాకే తెలీదు. పక్కన మద్దిలేటి కూడా కదల్లేదు. ఇన్నేళ్ళ పనిలో అతనికి మంట ఇంకా పాతబడలేదు.

నీళ్ళు వేడెక్కేసరికి మర్నాడైంది. అంకాలమ్మ, నేను కలిసి పెద్ద మామాని పూల్‌లోకి దింపాం. మద్దిలేటి కూడా వచ్చాడు గానీ, ఆడమనిషి నీళ్ళలో ఉండగా మగవాళ్ళు సర్దాబ్‌లోకి రాకూడదు. పైన పెరట్లోనే, మా తల కంటే ఎత్తులో ఉన్న వెంటిలేటర్ పక్కన కూర్చున్నాడు. బాగుచేసినవాడికి ఆ నడక చూసే యోగం లేదు కదా అని నాకు బాధేసింది.

పెద్ద మామా కడ్డీ పట్టుకుని చాలాసేపు నిలబడే ఉంది. కాలు కదల్లేదు. అంకాలమ్మ కళ్ళు మూసుకుంది. అప్పుడు పెద్ద మామా గొంతులోంచి సన్నగా ఒక కూనిరాగం మొదలైంది. మాటలు లేవు, రాగమే. నేను ఈ ఇంటికి వచ్చాక ఆవిడ పాడటం ఎన్నడూ వినలేదు. ఆ రాగంతోపాటే కాలు ముందుకి జరిగింది. ఇంకో కాలు జరిగింది. పాడుతూ అటు చివరికి వెళ్ళింది, పాడుతూనే ఇటు తిరిగింది.

పైకి కేకేసి మద్దిలేటికి చెబుదామని తల ఎత్తాను. అతని గొంతే ముందు వినపడింది.

"సెప్పొద్దులే సిస్టర్, తెలుస్తాంది. పాట ఆ కొసకు పాయ. మళ్ళా ఈ కొసకు వొస్తాంది. అమ్మ నడస్తాండాది."

అది నిజమే. కానీ పెద్ద మామా కడ్డీ వదిలేసి నడుస్తోందని అతనికి పాటలో వినపడదు కదా. ఆ మాట నేను ఏడుస్తూ అరిచి చెప్పాను.