రెండో గొంతు

ముళంకావు కళాలయం తాటాకుల కొట్టంలో మొదలైనప్పుడు పాట నేర్చుకోవడానికి చేరినవాళ్లు ఇద్దరే. ఒకడు కేలు నాయర్, ఇంకొకడు అచ్యుత వారియర్. చదువు ముగిసిన రోజు గురువుగారైన ఆశాన్, చేంగిల అనే కంచు జేగంట తీసి అచ్యుతన్ చేతిలో పెట్టారు. కేలుకు తాళాలిచ్చారు. కథకళిలో చేంగిల పట్టినవాడే ముందు పాడతాడు. తాళాలవాడు పక్కన నిలబడి ఆ చరణాన్నే మళ్లీ అందుకుంటాడు.

"వాడి గొంతు దారి తీస్తుంది, నీది వెంట నడుస్తుంది. రెండూ కావాలి కదరా," అన్నారు ఆశాన్.

కేలు తలూపాడు. ఆ మాట మాత్రం చేపముల్లులా లోపల దిగబడిపోయింది.

కొట్టం పోయి పెంకులొచ్చాయి. పెంకులు పోయి సిమెంటు రంగశాల లేచింది. ఆశాన్ పటమై గోడెక్కారు. కేలు మాత్రం అచ్యుతన్ పక్కనే నిలబడి, అతని పాటలో తప్పులు వెతుకుతూ ముసలివాడయ్యాడు. తప్పు దొరికిన రోజు గంజి ఇంకో గిన్నెడు తాగేవాడు.

"ఇవాళ పైస్థాయిలో జారాడు," అన్నాడోసారి భార్య అమ్మిణితో.

"మీరు జారలేదా?"

"వాడు జారితే నేనూ జారాలి. నా ఉద్యోగమే అది."

"అంత బాధయితే ఒక్కరోజు ముందు పాడతానని అడగరాదూ?"

"అడిగితే ఇస్తాడే. అదే నా ఏడుపు."

కళాలయం స్వర్ణోత్సవం నాటి మధ్యాహ్నం అచ్యుతన్ తనే చేంగిల తెచ్చి కేలు చేతిలో పెట్టాడు. జ్వరం తగ్గి రెండు రోజులే అయింది.

"కథంతా ముందుండి లాగే ఓపిక లేదురా. ఇవాళ నువ్వు పట్టు. నేను తాళాలు వేస్తా."

"నీకు తాళాలొచ్చా?"

"రాకేం! ఇన్నాళ్లూ నీ పక్కన నిలబడి ఏం చేశాననుకున్నావు?"

మద్దెల కుంజన్ నవ్వాడు. "కేలన్నా, పెళ్లికొడుకులా మెరిసిపోతున్నావు. తాళి కట్టడం మర్చిపోకు!"

తెర తొలగింది. నలుడు దమయంతిని విడిచిపోయే ఘట్టం. మద్దెల ఆగింది. కేలు చేంగిల మీద కర్రతో కొట్టి, చెవి ఒకవైపు ఒగ్గి నిలబడ్డాడు.

ఎవరూ పాడలేదు. నలుడి చేతులు గాలిలో ఆగాయి. కుంజన్ మళ్లీ మద్దెల మీద మోత మొదలుపెట్టాడు. కేలు ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాడు, ముందు పాడేవాడి కోసం.

పక్కనుంచి అచ్యుతన్ సన్నగా చరణం ఎత్తాడు. కేలు గొంతు తనంతట తనే అందుకుంది. ముందు పాడాల్సింది తనేనని అప్పటికిగాని తెలిసిరాలేదు. ముందు వరుస వాళ్లు ముఖాలు చూసుకున్నారు.

ఆ తర్వాత తడబడలేదు. బాగానే పాడాడు. కానీ తనకు ఊపిరి తగ్గిన చోటల్లా అచ్యుతన్ గొంతు కిందికొచ్చి పట్టుకుంటోంది. అలాంటి చోట్ల తనైతే అచ్యుతన్‌ను వదిలేసేవాడు. ఆ లోటు జనం వినాలనే వదిలేసేవాడు.

ఆట ముగిశాక పాత రసికులంతా వేదిక వెనక్కి వచ్చారు. పెద్దాయనొకరు అచ్యుతన్ భుజం తట్టాడు.

"వెనకపాటంటే ఇదయ్యా! ఇలాంటి రెండో గొంతు ఈ కళాలయంలో ఇంతవరకూ వినలేదు."

కేలు చేంగిల పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు. ఆ రెండో చోటొక్కటైనా తనదనుకున్నాడు ఇన్నాళ్లూ.

జనం పలచబడ్డాక చేంగిల తెచ్చి అచ్యుతన్ ముందు చాచాడు.

"ఇదిగో నీది. తాళాలివ్వు."

"రేపు కూడా నువ్వే పాడరా, నాకింకా నీరసంగానే ఉంది. ఈ తాళాలేవో బాగానే ఉన్నాయి."

"ఇమ్మంటే ఇవ్వు," అని కేలు వాటిని అచ్యుతన్ వేళ్లలోంచి లాక్కున్నాడు.