మూడో భాషలో మా టీమ్ లీడర్

కరీంనగర్‌లో నా మొదటి ఉద్యోగం ఫోన్లో మాట్లాడటం. వ్యవసాయ మోటార్లు అమ్మే ఒక కంపెనీ కాల్ సెంటర్ అది. మోటారు మొరాయిస్తే రైతులు మాకు ఫోన్ చేసేవాళ్లు.

మాది మెట్‌పల్లి, మరమగ్గాల ఇల్లు. ఆ చప్పుడులో పెరగడం వల్ల నా గొంతు కాస్త పెద్దది. చేరగానే ముందు గొంతు తగ్గించారు, తర్వాత మాట మార్చారు. 'గిట్ల', 'రాలే' అంటే మార్కులు కోసేవాళ్లు. శిక్షణ అయిపోయేసరికి నేను టీవీలో వార్తలు చదివేవాళ్లలా తయారయ్యాను. అది నాకు గొప్పగానే ఉండేది. ఒక ఆదివారం ఇంట్లో పొరపాటున "కొంచెం కూర వడ్డించగలరా" అన్నాను. మా అవ్వ గంటె పట్టుకునే నవ్వి నవ్వి కూలబడింది.

నా పక్క సీటు అతనిది కరీంనగరే, ఇంట్లో ఉర్దూ. 'ఫికర్' అనే మాట నోటి దాకా వస్తే మింగేసి, 'చింతించకండి' అనేవాడు. అప్పుడతని ముఖం చూడాలి, చేదు మాత్ర వేసుకున్నట్టు ఉండేది.

అలాంటి మా టీమ్‌కు ఆదిలాబాద్ వైపు నుంచి కొత్త లీడర్ వచ్చింది. గోండు ఆమె. నాకంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. తెలుగు సరిగా రానామె తెలుగు కాల్స్‌కు లీడరేమిటని క్యాంటీన్‌లో గుసగుసలు నడిచాయి. అవి ఆమె చెవిన పడ్డాయో లేదో తెలియదు. మొదటి రోజే మమ్మల్నందర్నీ నిలబెట్టి చెప్పింది.

"నాకు ముందుగాల గోండి వచ్చింది, తర్వాత మరాఠీ, గా తర్వాత తెలుగు. మూడో భాషల మీకు లీడర్‌ను. నేను తప్పు మాట్లాడితే చెప్పుండ్రి. మీకు రాని భాషల కాల్ వస్తే నన్ను పిలువుండ్రి."

అంతే, వెళ్లి కూర్చుంది.

ఆ తర్వాత ఆమె రోజుకొకరి పక్కన కూర్చుని, రెండో హెడ్‌సెట్ పెట్టుకుని వింటూ ఉండేది. నా వంతు వచ్చిన రోజు ఒక ముసలామె ఫోన్ చేసింది. తెలుగులో మరాఠీ కలిసిన మాట. మోటారు నీళ్లు పోయడం లేదంటోంది. "దయచేసి మీ మోటారు నమూనా సంఖ్య తెలియజేయగలరా" అన్నాను. ఫోన్ కట్టయింది. మళ్లీ చేసింది, మళ్లీ నాకే వచ్చింది. మళ్లీ అదే అడిగాను, మళ్లీ కట్టయింది.

లీడర్ హెడ్‌సెట్ తీసి నా వైపు తిరిగింది. "మీ అవ్వతోని ఎట్ల మాట్లాడుతవో గట్ల మాట్లాడు" అంది.

"మార్కులు కోస్తరు మేడమ్."

"కోస్తే నాయి కోయుమను."

ఈసారి నేనే ఫోన్ చేశాను. "అవ్వా, మోటరు సప్పుడు జేస్తుందా?" అని అడిగాను.

"చేస్తుంది బిడ్డ, నీళ్లే వస్తలేవు."

పంపులో గాలి పట్టిందని అర్థమైంది. మోటారు బందు చేయించి, పైన మూత ఇప్పించి, నిండా నీళ్లు పోయించి, మళ్లీ వేయమన్నాను. ఫోన్లో బకెట్ చప్పుడు, ఎవరినో కేకేయడం, మోటారు గుర్రుమనడం. ఆ వెంటనే నీళ్లు దూకిన శబ్దం. ముసలామె చిన్నపిల్లలా నవ్వింది. నాది ఏ ఊరో, ఎవరి బిడ్డనో అడిగింది. మెట్‌పల్లి అని, బట్టలు నేసే సాలోళ్లమని చెప్పాను. తన పెళ్లికి కట్టిన చీర అటునుంచి వచ్చినోళ్ల దగ్గరే కొన్నదట. దాని అంచు రంగు కూడా చెప్పింది. కాల్ ఎంత సాగిందో నేను చూసుకోనేలేదు.

కొన్నాళ్లకు హైదరాబాద్ నుంచి మేనేజర్ వచ్చి, రికార్డింగులు వినిపించమన్నాడు. వాటిలో ముసలామెతో నేను మాట్లాడిన కాల్ వచ్చింది. లీడర్ లేచి నిలబడి, "నేనే గట్ల మాట్లాడుమన్న సార్" అంది. ఆయన చివరిదాకా విన్నాడు. నీళ్లు దూకిన చోట ముందుగా నవ్వింది ఆయనే.

"మొదట నమస్కారం, చివర ధన్యవాదాలు ఉండాలి. నడుమ మీ ఇష్టం" అన్నాడు.

ఆ మధ్యాహ్నం పక్క సీటు అతను ప్రతి కాల్‌లోనూ "ఫికర్ చెయ్యకు కాకా" అన్నాడు, అవసరం ఉన్నా లేకున్నా.

ఇప్పుడు అదే అంతస్తులో నాకూ ఒక టీమ్ ఉంది. ఈ మధ్యే రాజమండ్రి అమ్మాయి ఒకామె చేరింది. పెళ్లయి ఇక్కడికి దగ్గరి చొప్పదండి వచ్చింది. ఇక్కడి మాట నేర్చుకునేదాకా కాల్స్ తీసుకోనంది. నీ మాటతోనే తీసుకో అని పక్కన కూర్చున్నాను. జమ్మికుంట నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశాడు. ఆమె గోదావరి తెలుగులో స్టార్టర్ సంగతంతా 'అండీ'లతో వివరించింది.

"సగం సమజ్ గాలే బిడ్డ. గని ఇనబుద్ధయితుంది, మల్లొక్కసారి చెప్పు" అన్నాడాయన.

ఆమె మ్యూట్ నొక్కి, బల్ల మీద తల వాల్చి నవ్వింది. కాసేపటికి లేచి, కళ్లు తుడుచుకుని, మొదటి నుంచీ మళ్లీ చెప్పింది.