జిగురు ఆరే అరగంట

పనిలో కూర్చునే ముందు అట్టలమ్మ చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుంటుంది. తుడుచుకున్నాక ఓ చిత్తుకాగితం ముక్క తీసుకుని, రెండు బొటనవేళ్ళనూ దాని మీద గట్టిగా అదిమి, కిటికీ వెలుగుకి పట్టి చూస్తుంది. ఎక్కడైనా ఓ చుక్క అద్దంలా వెలుగును పోనిస్తే చేతికి ఇంకా జిడ్డున్నట్టే. మళ్ళీ సబ్బు, మళ్ళీ కాగితం. కొత్తగా చూసేవాళ్ళు ఈవిడకి చాదస్తం అనుకుంటారు.

ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. ఇరవై ఏడేళ్ళుగా యూనివర్సిటీ లైబ్రరీ వెనకగదిలో చిరిగిన పుస్తకాలకు కుట్లు వేసి, అట్టలు కట్టి, పాత కాగితాలకు అతుకులు పెడుతోంది. అట్టలమ్మ అన్నది ఎప్పటి విద్యార్థులో పెట్టిన పేరు. వాళ్ళు చదువులు ముగించుకుని వెళ్ళిపోయారు, పేరు మాత్రం ఉండిపోయింది. ఇప్పుడు లైబ్రేరియన్ మేడం కూడా అలాగే పిలుస్తారు.

కథంతా మోకాలితో మొదలైంది. మెట్లెక్కుతుంటే కుడి మోకాలు కటకటమనడం మొదలుపెట్టాక డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన ఆమెను తూకం మీద నిలబెట్టి, ముల్లు ఎనభై రెండు దగ్గర ఆగేదాకా చూశాడు.

"ఎనిమిది కిలోలు తగ్గండి. మోకాలు దానంతటదే దారికొస్తుంది. తగ్గకపోతే ఆపరేషను. అన్నం మానక్కర్లేదు, సాయంత్రం పూట ఆ చిరుతిళ్ళు మానేయండి చాలు."

చాలట! ఆ మాట పలకడానికి ఆయనకి ఒక్క క్షణం పట్టింది.

ఆమె పనిలో అయిదు గంటలంటే గండం. అప్పటికి ఆ రోజు అతికిన కాగితాలన్నీ ఇనప ప్రెస్సులో చేరతాయి. పైన చక్రం బిగించాక అరగంట వాటి జోలికి పోకూడదు. పొద్దుటినుంచీ ఊపిరాడని చేతులకు ఆ అరగంటా పని ఉండదు. చేతులు ఊరుకున్నాయో లేదో నోరు అడగడం మొదలుపెడుతుంది. గేటు ఎదురుగా బస్టాపు, బస్టాపు పక్కన చిన్న కొట్టు, కొట్టు ముందు తీగకు వరసగా వేలాడే చిప్స్ ప్యాకెట్లు. ఉప్పూ కారమూ చల్లిన ఆ పల్చటి ఆలూ ముక్కలు ఆమెకు ఎన్నేళ్ళ స్నేహితులో.

మానేస్తున్నానని ఇంట్లో చెప్పగానే భర్త తన సాయంత్రపు బిస్కెట్లు కూడా మానేశాడు. ఆయన రిటైరయిన బస్సు డ్రైవరు. టీలో నాలుగు బిస్కెట్లు ముంచుకు తినడం తప్ప వేరే సరదా ఎరగడు. "నువ్వు నోరు కట్టుకుని కూర్చుంటే నేను నీ ఎదురుగా ఎలా నములుతానే" అన్నాడు. బిస్కెట్ల డబ్బా కడిగి బోర్లించాడు.

లైబ్రరీలో కౌంటరు గుమాస్తా ఈ సంగతి విని పండగ చేసుకున్నాడు. ఆయన పుల్లలా ఉంటాడు. ఏం తిన్నా ఎక్కడికి పోతుందో ఆయనకే తెలియదు. కౌంటరు వెనక గోడకు క్యాలెండరు తగిలించి, రోజుకో ఎర్ర టిక్కు పెట్టడం మొదలెట్టాడు. "అక్కా, ఎన్నో రోజు?" అని హాల్లో అందరికీ వినపడేలా అరిచేవాడు.

ఇరవై రోజులు ఆమె నిజంగానే నోరు కట్టుకుంది. అయిదయ్యేసరికి రెండు గ్లాసుల నీళ్ళు తాగేది. దారాలు రంగులవారీగా చుట్టేది. ఒకసారైతే తన రెండు చేతులనూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. ఇరవయ్యో రోజు తూకం చూసుకుంటే కిలోన్నర తగ్గింది. ఆ మాట విని గుమాస్తా చప్పట్లు కొట్టించాడు. చదువుకునే పిల్లలంతా తలెత్తి చూశారు. ఆమె సిగ్గుపడుతూ నవ్వింది. అది మంచి సిగ్గు. అలాంటిది తర్వాత మళ్ళీ దొరకలేదు.

ఇరవై ఒకటో రోజు మధ్యాహ్నం గేటు బయటికి వెళ్ళి ఓ ప్యాకెట్టు కొంది.

"మనవళ్ళొచ్చారామ్మా?" అన్నాడు కొట్టతను.

"ఆఁ" అంది అట్టలమ్మ. ఆమెకి మనవళ్ళు లేరు.

అయిదు గంటలకి గది తలుపు దగ్గరగా వేసి, చప్పుడు కాకుండా ప్యాకెట్టు అంచును కత్తెరతో కత్తిరించింది. చిప్సును బ్లాటింగ్ కాగితం మీద పోసింది. నూనెలో సగం కాగితమే తాగేస్తుందని, అదీ ఒక రకం పథ్యమేనని తనకి తానే నచ్చజెప్పుకుంది. నాలుక మీద మెత్తబరిచి తింటే కరకర వినపడదు. ఇష్టమైన తిండిని దొంగలా తింటే రుచి ఉండదంటారు గానీ, ఉంటుంది. అసలు బాధంతా అదే.

సాయంత్రం వెళ్ళబోతుంటే గుమాస్తా ఎర్ర పెన్ను పట్టుకుని నిలబడ్డాడు. "ఇవాళ కూడా గెలిచినట్టేనా అక్కా?"

నోరు తెరిస్తే వాసన వస్తుందేమోనన్న భయంతో ఆమె తల ఊపింది. ఆయన టిక్కు పెట్టాడు. ఒకసారి ఊపిన తల మర్నాడు ఇంకా తేలిగ్గా ఊగింది.

ఖాళీ ప్యాకెట్లతో చిక్కు వచ్చింది. గది బుట్టలో వేస్తే ఊడ్చే ఆవిడ చూస్తుంది. సంచిలో వేసుకుంటే ఇంట్లో భర్త టిఫిన్ డబ్బా తీస్తూ చూస్తాడు. అందుకని ఆమె తనకి తెలిసిన ఉపాయమే చేసింది. ప్యాకెట్టును చదును చేసి, ప్రెస్సులో అడుగున పనికిరాని రెండు అట్టల మధ్య పెట్టింది. వీలు చూసుకుని ఒకనాడు అన్నీ బయట పారేయొచ్చనుకుంది. ఆ వీలు కుదరలేదు.

ముప్పయ్యో రోజున బల్ల మీద ఒక పాత పుస్తకం ఉంది. ఎవరో యాత్రికుడు ఇంటికి రాసిన ఉత్తరాలవి. అందులో మడతలు విప్పితే బల్లంత వెడల్పయ్యే పటం ఒకటుంది. అది మడత దగ్గర చిరిగింది. మిగతా పేజీలన్నీ ప్రెస్సులో ఉన్నాయి. పటానికి మాత్రం పల్చటి కాగితం అతకాలి. ఆమె ప్యాకెట్టు సగంలో ఉండగా తలుపు చప్పుడైంది.

"అక్కా, నేనే!"

చిప్సును బ్లాటింగుతో సహా సొరుగులోకి తోసి, పనిలో ఉన్నట్టు కనిపించాలని చేతికందిన పటాన్ని ఎత్తి పట్టుకుంది. గుమాస్తా అయిదు నిమిషాలు ఏదో మాట్లాడి వెళ్ళాడు. ఆ అయిదు నిమిషాలూ ఆమె బొటనవేలు పటాన్ని వదల్లేదు. తర్వాత చేతులు కడుక్కుంది, కాగితం పరీక్ష కూడా చేసుకుంది. చేతులు శుభ్రమే. దీపం వెలుగులో పటమూ శుభ్రంగానే కనబడింది. జిగురు రాసి, అతుకు పెట్టి, ప్రెస్సులోకి పంపింది.

కాగితం లోపలికి దిగిన నూనె తీరిగ్గా బయటపడుతుంది. ఆ సంగతి ఆమె కంటే బాగా ఎరిగినవాళ్ళు ఆ లైబ్రరీలో లేరు.

మూడు రోజుల తర్వాత కౌంటరు దగ్గర గొడవ వినపడి బయటికి వచ్చింది. పరిశోధన చేస్తున్న ఓ అమ్మాయి తల వంచుకుని నిలబడి ఉంది. పటం మడత పక్కన బొటనవేలంత పచ్చటి మరక.

"బాగుచేసి వచ్చాక ఈ పుస్తకం తీసుకున్నది నువ్వొక్కదానివే. బ్యాగులో చిప్స్ ప్యాకెట్టుందా లేదా?" అంటున్నాడు గుమాస్తా.

"ఉంది సార్. విప్పలేదు కూడా. బస్సులో తిందామని..."

"అదుగో, మా అక్కని చూడు. ముప్పై మూడు రోజులుగా నోరు కట్టుకుంది. మీకు రెండు గంటలు కట్టుకోవడం చేతకాదు!"

లైబ్రేరియన్ మేడం పాత పుస్తకాల గదికి ఆ అమ్మాయి అనుమతి రద్దు చేశారు. మూడు వారాల్లో తన పరిశోధనాపత్రం ఇవ్వాలని, ఈ ఒక్క పుస్తకం మీదే సగం అధ్యాయం ఉందని ఆ అమ్మాయి నెమ్మదిగా చెప్పింది. మేడం వినిపించుకోలేదు. పుస్తకాన్ని అట్టలమ్మ చేతిలో పెట్టి, "అందరికీ నీలాంటి చేతులుంటే ఈ బాధే ఉండేది కాదు" అన్నారు.

అట్టలమ్మ పుస్తకాన్ని రెండు చేతులా పట్టుకుని వెనక్కి తిరిగింది.

గదిలోకి వెళ్ళి పటం విప్పి చూసింది. అతుకంతా గట్టిగా పట్టుకుంది గానీ, మరక ఉన్నచోట మాత్రం లేచిపోయింది. నూనె మీద జిగురు పట్టదు. అంటే మరక అతుకు కంటే ముందుది. అతుకు కంటే ముందు ఆ పటం ఈ బల్ల మీదే ఉంది. ఈ లెక్క ఆమెకి తప్ప ఎవరికీ తెలియదు. తెలియకపోవడం చూసి ఒక్క క్షణం ప్రాణం తేలికపడింది. ఆ తేలికపడ్డందుకు తర్వాత ఎన్నాళ్ళో తనని తాను క్షమించుకోలేదు.

సుద్దపొడి చల్లి, బ్లాటింగ్ కాగితం వేసి, బరువు పెట్టింది. మర్నాటికి నూనెంతా పైకి లాగేసింది. అతుకు మళ్ళీ వేసింది. ఇరవై ఏడేళ్ళలో అంత చక్కటి పని చెయ్యలేదు. మరక పోతే మాట కూడా పోతుందనుకుని పుస్తకం తీసుకుని మేడం గదికి వెళ్ళింది.

"పోయింది మేడం. ఆ అమ్మాయిని రానివ్వండి."

"మరక పోతే తప్పు పోతుందా? చేసినట్టు ఒప్పుకుని రాసిస్తే రానిస్తానన్నాను. రాయడానికి వచ్చింది కూడా."

మేడం వెంట బయటికి వచ్చేసరికి కౌంటరు చివర ఆ అమ్మాయి తెల్లకాగితం ముందు పెట్టుకుని కూర్చుంది. పక్కన గుమాస్తా నిలబడి చెబుతున్నాడు. 'నా అజాగ్రత్త వల్ల' అని రాసి ఆమె ఆగింది. చెయ్యని తప్పు రాయడానికి అక్షరాలు వెతుక్కుంటోంది.

అట్టలమ్మ వెళ్ళి ఆ కాగితం మీద చెయ్యి వేసింది.

"రాయకు" అంది. "అది నా వేలు. నేనే. చిప్స్ తిన్నాను."

గుమాస్తా ముందు నవ్వాడు. తర్వాత జాలిగా చూశాడు. "మా అక్క మనసు వెన్న మేడం. ఈ పిల్లని బయటపడెయ్యాలని తన మీద వేసుకుంటోంది."

మేడం కూడా చిన్నగా నవ్వారు. "నీ మంచితనం నాకు తెలుసమ్మా. కానీ ఇలాంటి విషయాల్లో అబద్ధం చెప్పకూడదు."

అబద్ధమాడినన్నాళ్ళూ నమ్మారు. ఇప్పుడు నిజం చెబితే నమ్మడం లేదు. అతుకు లేచిన చోటు చూపిద్దామంటే దాన్ని తన చేతులతోనే సరిచేసేసింది. అట్టలమ్మ ఇంకేమీ అనకుండా వెనక్కి తిరిగింది. మోకాలు కటకటమంటుంటే తన గదిలోకి వెళ్ళి, ప్రెస్సు చక్రం తిప్పి, అడుగునున్న రెండు అట్టలూ లాగింది. తిరిగొచ్చి వాటిని కౌంటరు మీద పుస్తకంలా విప్పింది.

పదకొండు ప్యాకెట్లు. పేజీల్లా పల్చగా, ఒక్క ముడత లేకుండా, అంచులు కలిపి పేర్చినట్టున్నాయి. ఉప్పూ కారం వాసన హాలంతా పాకింది. చదువుకునే పిల్లల్లో ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే ఆపేశారు.

"పుస్తకాల ప్రెస్సులోనా?" అన్నారు మేడం. "పుస్తకాలతో పాటా?"

అట్టలమ్మ తలెత్తలేదు. తల కొట్టేసినట్టయింది.

ఆ అమ్మాయి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బ్యాగులో వేసుకుంది. థాంక్స్ చెప్పలేదు. కోప్పడలేదు. వెళ్తూ వెళ్తూ ఆగి, "మొన్న వీళ్ళు నన్ను అడుగుతున్నప్పుడు మీరు అక్కడే ఉన్నారు కదండీ" అంది.

ఉంది. అక్కడే ఉంది.

ఆ సాయంత్రం భర్తకి అంతా చెప్పింది. ఆయన వింటూ, బాగా వదులైన ప్యాంటుకి కొత్తగా బెజ్జం పొడిచిన బెల్టును బిగించుకున్నాడు. ఈ నెల రోజుల్లో ఆయన నాలుగు కిలోలు తగ్గాడు.

"అంటే నేనొక్కణ్ణే మానేశానన్నమాట" అన్నాడు.

"తిట్టండి, పోనీ."

"తిట్టడానికేముందే. నాకైనా చెప్పాల్సింది. ఇద్దరం కలిసి తినేవాళ్ళం కదా."

మర్నాడు బిస్కెట్ల డబ్బా మళ్ళీ బల్ల మీదికొచ్చింది. ఆయన రెండు బిస్కెట్లు ఆమె వైపు జరిపి, "తింటే నా ఎదురుగా తిను" అన్నాడు. ఒకటి టీలో ముంచింది గానీ నోటిదాకా తేలేకపోయింది. అది మెత్తబడి కప్పులోనే విడిపోయింది. ఆయన చెంచాతో తీసి తను తినేశాడు.

గుమాస్తా ఆమెను అక్కా అని పిలవడం మానలేదు. ఎన్నో రోజు అని మాత్రం అడగడు. క్యాలెండరు తీసేసిన చోట గోడ మీద నలుచదరంగా తెల్లటి గుర్తు మిగిలింది. కౌంటరు దాటేటప్పుడు ఆమె కళ్ళు అటే పోతాయి.

ఇప్పటికి రెండేళ్ళయింది. సాయంత్రం అయిదైతే ఆమె ప్రెస్సు బిగించి, తలుపు బార్లా తెరిచిపెట్టి, గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. వారానికి ఒకటి రెండుసార్లు ప్యాకెట్టు విప్పుతుంది. వచ్చేపోయేవాళ్ళు చూస్తూనే ఉంటారు. అయినా ప్రతిసారీ మొదటి ముక్క దగ్గర ముఖం వేడెక్కుతుంది. కొట్టతను ఇప్పటికీ మనవళ్ళ గురించి అడుగుతుంటాడు. లేరని ఒక్కసారి చెప్పేస్తే సరిపోతుంది గానీ ఆ పని ఇంకా చెయ్యలేకపోయింది.

పాత పుస్తకాల పని వేరే ఆయన చేస్తున్నాడు. అట్టలమ్మ కొత్త పుస్తకాలకు అట్టలు వేస్తుంది. ఆమె బరువు డెబ్భై తొమ్మిది కిలోలు.