నల్లమందు వేసుకోని పూట

మోకాళ్ల నొప్పులకు వైద్యుడిచ్చిన చేదు కషాయం తాగి, వెంటనే చిన్న బెల్లం ముక్క నోట్లో వేసుకుంటాను. చేదు పూర్తిగా పోకముందే తీపి వచ్చి కలుస్తుంది. ఆ రెండూ కలిసిన క్షణంలో ఎవరో నా వెనక కూర్చుని నెమ్మదిగా జడ అల్లుతున్నట్టు ఉంటుంది. మా అత్త బుచ్చమ్మ నోటి వాసన అది. నల్లమందు చేదు, దాని మీద నమిలిన బెల్లం. తల్లి లేని పిల్లగా, ఊహ తెలిసీ తెలియని వయసులో ఆ ఇంటికి కోడలినై వెళ్లాను. అత్తలు ఆరళ్లు పెడతారని మావాళ్లు భయపెట్టి పంపారు. ఈమె నాకు తల దువ్వింది, రొట్టె చరచడం నేర్పింది, నలుగురిలో తల ఎత్తి మాట్లాడటం నేర్పింది. అమ్మ అంటే ఇట్లా ఉంటుందేమో అని అక్కడే మొదటిసారి అనుకున్నాను.

మాది కోస్గి దగ్గర ఒక పల్లె. నైజాం ఏలుబడి చివరి రోజులు. వాన పడితే పంట, పడకుంటే పస్తు. అత్తకు వరసగా ముగ్గురు పిల్లలు పోయారట. ఆ దుఃఖంలో, పురిటి నొప్పుల్లో ఎవరో చిన్న నల్లమందు ఉండ నాలుక మీద పెట్టారట. నొప్పులు పోయాయి గాని ఉండ పోలేదు. బతికిన ఒక్క కొడుకు మా ఆయన. వారం వారం కోస్గి అంగడికి వెళ్లి సర్కారు పట్టా ఉన్న దుకాణంలో తల్లికి నల్లమందు తెచ్చేవాడు. ఉప్పు మరిచి వచ్చిన రోజులున్నాయి గాని, అది మరిచి వచ్చిన రోజు లేదు. ఊళ్లో ఎవరూ తప్పు పట్టేవారు కాదు. కల్లు తాగినవాడు వీధికెక్కుతాడు, నల్లమందు తిన్నది మూల కూర్చుంటుంది, ఎవరికేం నష్టం అనేవారు.

పొద్దు వాలుతుండగా అత్త జొన్న గింజంత ఉండ వేసుకుని గోడకు ఆనుకునేది. కాసేపటికి కళ్లు సగం మూతపడేవి, గొంతు మెత్తబడేది. ఇంటి ఎదురుగా ఉన్న జొన్నచేను చూపించి, అందులో పోయిన పిల్లలు తిరుగుతున్నారని చెప్పేది. పెద్దది ఇంత ఎత్తయిందనేది, దానికి లంగా కుట్టించాలనేది, చిన్నవాడు కంకులు విరిచి పాడుచేస్తున్నాడని ముద్దుగా విసుక్కునేది. నేను పక్కన కందులు ఏరుతూ వినేదాన్ని. వినగా వినగా, గాలికి కంకులు ఊగిన చోటల్లా నాకూ చిన్న తలలు కనిపించేవి. భయం వేసేది కాదు. ఆ ఇంట్లో పోయినవాళ్లు కూడా సాయంత్రానికి ఇల్లు చేరుకుంటారని నమ్మేదాన్ని. ఆ నమ్మకం నాకు హాయిగా ఉండేది, ఎందుకంటే పోయినవాళ్లలో మా అమ్మ కూడా ఉంది.

తర్వాత నాకు రాములు పుట్టాడు. వాడు పాకక ముందే కలుపు రోజులొచ్చాయి. చేని గట్టున వేపచెట్టుకు చీరెలతో ఉయ్యాలలు కట్టి పసివాళ్లను పడుకోబెట్టేవాళ్లం. బిడ్డ ఏడిస్తే తల్లి సాలు విడిచి రావాలి, పని ఆగిపోతుంది. అందుకని ఇంత నల్లమందు పాలలో రంగరించి పిల్లల నాలుకకు రాసేవారు. మా ముందటివాళ్లకూ అట్లాగే రాశారు, ఎవరూ వింతగా చూసేవారు కాదు. ఊరి పిల్లలందరికీ రాసే వేలు మా అత్తదే. ఆమె వేలి కొలత తప్పదని అందరికీ ధీమా.

ఒకరోజు పంటినొప్పి తాళలేక అత్త పొద్దున్నే తన ఉండ వేసుకుంది. రాములుకు ఒకసారి రాసింది. ఎండ ముదిరాక, రాసిన సంగతి మత్తులో మరిచిపోయి మళ్లీ రాసింది. నేను పాలివ్వబోతే వాడు నోరు తెరవలేదు. చెయ్యి ఎత్తితే జారిపోయింది. పక్క ఉయ్యాల దగ్గరున్న ఒకామె, రెండుసార్లు రాస్తే చూశానని చెప్పింది. ఆ మాటతో అత్త మత్తంతా దిగిపోయింది. వాణ్ని నా ఒళ్లోంచి లాక్కుని అరికాళ్ల మీద చరిచింది.

"పండనియ్యకు బిడ్డా. పంటే ఇగ లేవడు" అన్నది.

ఇద్దరం వంతులవారీగా వాణ్ని ఎత్తుకుని చేను చుట్టూ తిరిగాం. ముఖాన నీళ్లు చల్లాం, చెవిలో పేరు పెట్టి పిలిచాం. చేనంతా ఎండలో తెల్లగా తేలిపోతున్నట్టుంది. అత్త ఒకచోట ఆగి జొన్నచేను వైపు చూసి, వీణ్ని తీసుకపోకుండ్రి అని తన పోయిన పిల్లలను బతిమాలింది. అది విని నా ప్రాణం సగం పోయింది. పొద్దు వాలే వేళకు రాములు సన్నగా మూలిగి, తర్వాత గట్టిగా ఏడ్చాడు. అంత చక్కని ఏడుపు నేను మళ్లీ వినలేదు.

వాణ్ని గుండెకు అదుముకుని, ఇకమీదట నీ చేతికి ఇవ్వనని చెప్పేశాను. అత్త తల ఊపింది. ఆ సాయంత్రం నుంచే నల్లమందు మానేసింది. ఒకటే ఆవులింతలు, ముక్కు కారడం, విరేచనాలు, కాళ్లు ఎవరో మెలితిప్పుతున్నట్టు నొప్పి. మా ఆయన చూడలేకపోయాడు. తల్లిని చంపుతావా అని నా మీద లేచాడు, బిడ్డను చంపుకోమంటావా అని నేనూ లేచాను. చివరికి అతనే తెచ్చి పెట్టాడు. ఆమె తిన్నది, తిని చాలాసేపు ఏడ్చింది.

మానలేకపోయింది మా అత్త. కాని ఆ తర్వాత ఆమె చేసింది చెప్పకుండా ఉండలేను. ఉండ వేసుకునే పొద్దు దగ్గరపడితే రాములును తనే తెచ్చి నాకు అప్పగించేది. వాకిలి దాటి ఎదురుగా ఉన్న బండ మీద కూర్చుని అప్పుడు వేసుకునేది. వాడు పాక్కుంటూ పోయి చేతులు చాస్తే, తన చేతులు తొడల కింద పెట్టుకుని ముఖం తిప్పుకునేది. కొన్నాళ్లకు వేసుకునే వేళ జరపడం మొదలుపెట్టింది. పొద్దు గూకినా వేసుకునేది కాదు. వణుకుతూ, కళ్లు తుడుచుకుంటూ వాడికి గోరుముద్దలు పెట్టి, వాడు నిద్రపోయాకే బండ దగ్గరికి వెళ్లేది. వాడి కోసం రోజూ కొంచెం కొంచెంగా నరకం అనుభవించింది.

నవాబుల రాజ్యం పోయిన ఏడు ఆమె మంచం పట్టింది. ఒళ్లంతా నొప్పులు. మా ఆయన ఉండ అరచేతిలో పెట్టుకుని, వేసుకో అమ్మా, హాయిగా పంటవు అని బతిమాలాడు. ఆమె పెదవులు బిగించి నన్ను పిలిచింది.

"ఇయ్యాల వేసుకోలే బిడ్డా. పోరన్ని జర నా పక్కల పండవెట్టు."

నాకు దుఃఖం ఆగలేదు. "వేసుకున్నా ఇస్తనత్తా" అన్నాను.

ఆమె నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టులో అంత బలం ఎక్కడిదో.

"వద్దు. వేసుకున్ననాడు నాకే గాదు, ఎవ్వలకూ ఇయ్యకు. కండ్లల్ల నీళ్లు వెట్టుకున్నా ఇయ్యకు."

రాములును పక్కలో పడుకోబెట్టాను. వాడి వీపు మీద చెయ్యి వేసుకుని, నొప్పితో పళ్లు కొరుకుతూనే నవ్వింది. మరునాటికి లేదు.

ఇప్పుడు మా చిన్నకొడుకుకు తాగుడు అలవాటైంది. మంచివాడే, నా కడుపున పుట్టినవాడే. సాయంత్రం తూలుతూ వచ్చి, నా ఒళ్లో ఉన్న తన పసిబిడ్డ కోసం చేతులు చాస్తాడు. ఒక్కసారి ఇయ్యమ్మా అని ఏడుస్తాడు. ఇవ్వను. తెల్లవారి స్నానం చేసి, తలవంచుకుని వచ్చి నా ముందు కూర్చుంటాడు. అప్పుడు, ఏమీ అడగకుండా, బిడ్డను వాడి చేతుల్లో పెడతాను.